వేషం – ఎంపిక

పాఠ్యభాగ ఉద్దేశం

కథలో ఒక పాత్రను ధరించి మిత్రులతో కలిసి ఆడే క్రీడలు నేటి విద్యార్థులకు పరిచయమవుతున్నాయి. అటువంటి క్రీడలో, ముఖ్యంగా కొద్ది పూటలలో ముగిసే కథలో, పాత్రను ఏ దృష్టితో ఎన్నుకోవాలో తెలపడం ఈ పాఠం ఉద్దేశం. ఆ ఎంపికకు భారత కథలోను, ఇందూరు సీమ జానపద కళలోను కనిపించే పోలికలను కూడా ఇది వివరిస్తుంది.

పాఠ్యభాగం

తెలుగులో 'ఆట' అనే మాటకు క్రీడ అని, నృత్యమని, నాటక ప్రదర్శన అని అర్థాలున్నాయి. పిల్లలు ఆడేది ఆటే, భాగోతులు తెల్లవారేదాకా ప్రదర్శించేదీ ఆటే. క్రీడలోను, నాటకంలోను మనిషి కొంతసేపు తన నిత్యజీవితాన్ని పక్కన ఉంచుతాడు. ముందుగా అంగీకరించిన కట్టుబాట్లకు లోబడి ప్రవర్తిస్తాడు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపిన నవీన క్రీడ ఒకటి గడచిన యాభై ఏళ్లలో అనేక దేశాలకు వ్యాపించింది. దానిని 'రోల్ ప్లేయింగ్ గేమ్' అంటారు. తెలుగులో 'పాత్రధారణ క్రీడ' అనవచ్చు.

ఈ క్రీడకు రంగస్థలం అక్కరలేదు. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటే చాలు. వారిలో ఒకరు కథను నడిపే సూత్రధారి. మిగిలినవారిలో ప్రతి ఒక్కరూ కథలోని ఒక పాత్రను స్వీకరిస్తారు. "మీ ఎదుట శిథిలమైన కోట ఉంది. ద్వారం మూసి ఉంది. ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. ఒకరు తలుపు బద్దలు కొడతానంటారు, ఒకరు గోడ ఎక్కి చూస్తానంటారు, మరొకరు కావలివానితో మాట్లాడతానంటారు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు ఇరవై ముఖాలున్న పాచికను దొర్లిస్తారు. పాచికపై పడిన సంఖ్యకు ఆ పాత్ర సామర్థ్యాన్ని తెలిపే అంకెను కలుపుతారు. ఆ మొత్తం సూత్రధారి నిర్ణయించిన సంఖ్యను అందుకొంటే ప్రయత్నం ఫలిస్తుంది, లేకుంటే విఫలమవుతుంది. ఈ విధంగా కథను ఆటగాళ్ల సంకల్పమూ, పాచికల అదృష్టమూ కలిసి నడుపుతాయి. ఒకే కథ అనేక పూటలు సాగితే దానిని 'కాంపెయిన్' అంటారు. కొన్ని కాంపెయిన్లు ఏళ్ల తరబడి సాగుతాయి, కొన్ని మూడు నాలుగు పూటలలో ముగుస్తాయి.

ఈ తరహా క్రీడలలో ప్రచురితమైన మొట్టమొదటిదిగా 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రసిద్ధి పొందింది. అమెరికాకు చెందిన గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనిని రూపొందించి 1974లో వెలువరించారు. అప్పటికే సైన్యాల బొమ్మలను బల్లపై మోహరించి ఆడే యుద్ధక్రీడలు వాడుకలో ఉండేవి. ఆ క్రీడలలో ఒక ఆటగాడు పెద్ద సేనను నడిపేవాడు. క్రొత్త క్రీడలో అతడు సేనను విడిచి ఒక్క మనిషిని నడపసాగాడు. ఆ మనిషికి పేరు వచ్చింది, స్వభావం వచ్చింది, భయమూ ఆశా వచ్చాయి. అది కథలకు చేరువయింది.

ఆ మనిషి ఎటువంటివాడో తెలిపేదే పాత్రవర్గం. దీనినే ఆంగ్లంలో 'క్లాస్' అంటారు. 1974 నాటి పుస్తకాలలో మూడే పాత్రవర్గాలున్నాయి. ఆయుధవిద్యలో ఆరితేరిన యోధుడు, మంత్రవిద్య నేర్చిన మాంత్రికుడు, దైవబలంతో గాయాలను మాన్పే ఉపాసకుడు అనేవి ఆ మూడు. తాళాలు తీయడం, చప్పుడు కాకుండా నడవడం వంటి విద్యలు తెలిసిన చోరుడు 1975లో వచ్చి చేరాడు. 2014లో వెలువడిన ఐదవ కూర్పులోని ప్రధాన గ్రంథంలో పన్నెండు పాత్రవర్గాలు కనిపిస్తాయి. అడవుల ఆనుపానులు ఎరిగినవాడు, పాటతో తోటివారికి ధైర్యం కలిగించే గాయకుడు, ప్రతిజ్ఞకు కట్టుబడిన వీరుడు మొదలైనవారు వీరిలో ఉన్నారు. 2024లో సవరించిన గ్రంథంలోనూ పాత్రవర్గాలు పన్నెండే.

ఈ జాబితాను మొదటిసారి చూసినవారు సాధారణంగా "వీరిలో ఎవరు బలవంతులు?" అని అడుగుతారు. ఈ ప్రశ్న సహజమైనదే గాని దీనివల్ల ప్రయోజనం తక్కువ. తొలినాటి నియమాలను పరిశీలిస్తే ఈ విషయం బోధపడుతుంది. మాంత్రికుడు చురకత్తి తప్ప వేరొక ఆయుధం పట్టరాదు. ఉపాసకుడు పదునైన అంచుగల ఆయుధాన్ని వాడరాదు. యోధుడు ఏ ఆయుధమైనా పట్టవచ్చు, కాని అతనికి మంత్రం పలకదు. ప్రతి పాత్రవర్గానికీ ఒక శక్తితో పాటు ఒక హద్దు ఉంది. ఒకరి హద్దు ముగిసిన చోట మరొకరి అవసరం మొదలవుతుంది. పాత్రను ఎన్నుకొనేవాడు శక్తిని మాత్రమే ఎన్నుకొంటున్నానని భావిస్తాడు. వాస్తవానికి అతడు ఒక పరిమితిని కూడా ఎన్నుకొంటున్నాడు. తాను ఏ పనికి ఇతరులపై ఆధారపడతాడో ఆ క్షణంలోనే నిశ్చయించుకొంటున్నాడు.

కథ దీర్ఘమైనదైతే ఎంపికలోని లోపాలు కాలక్రమంలో సర్దుకొంటాయి. పాత్రలు అనుభవాన్ని గడించి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతాయి. కొద్ది పూటల కథలో ఆ అవకాశం ఉండదు. ఐదవ కూర్పు నియమాల ప్రకారం మొదటి మెట్టులో ఉన్న మాంత్రికుడు చిన్న మంత్రాలను ఎన్నిసార్లయినా వాడవచ్చు. కాని చెప్పుకోదగిన మంత్రాలను సుదీర్ఘ విశ్రాంతి తీసుకొనే వరకు రెండు మూడు పర్యాయాలు మాత్రమే ప్రయోగించగలడు. మాంత్రికుని పేరు వినగానే అందరికీ గుర్తుకు వచ్చే అగ్నిగోళ ప్రయోగం ఐదవ మెట్టుకు చేరితే గాని అతనికి లభించదు. మూడు పూటల కథను మొదటి మెట్టులో ఆరంభిస్తే ఆ మెట్టు చేరకుండానే కథ ముగియవచ్చు. "ముందు ముందు గొప్పవాడనవుతాను" అనే ఆశతో మాంత్రికుని ఎన్నుకొన్న ఆటగాడు నిరాశ చెందుతాడు. యోధుడైతే తొలి పూట నుండి తన పని తాను చేయగలడు. కథను మూడవ మెట్టులో ప్రారంభించడం దీనికి ఒక మార్గం. 2024 నాటి సవరణలో ప్రతి పాత్రవర్గానికీ దాని ప్రత్యేక శాఖ మూడవ మెట్టులోనే లభిస్తుంది. కాబట్టి అక్కడ ఆరంభించిన పాత్రకు మొదటి పూటనే సొంత రూపం ఉంటుంది.

స్వల్పకాలంలో ముగిసే పనికి పాత్రల విభజన ఎంత ముఖ్యమో బోధన్ ప్రాంతానికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. అది నడిచిన కాలంలో చెరకు క్రషింగ్ ఏడాదిలో కొన్ని నెలలే సాగేది. నరికిన చెరకు ఎండలో నిలిచిన కొద్దీ అందులోని చక్కెర శాతం తగ్గిపోతుంది. అందుచేత నరికేవారు, బండ్లు తోలేవారు, తూకం వేసేవారు, రసాన్ని మరిగించేవారు తమ తమ పనులను మొదటి రోజు నుండే ఎరిగి ఉండాలి. అందరూ బండ్లు తోలుతామంటే చెరకు చేనులోనే నిలిచిపోతుంది.

పరిమిత కాలానికి పాత్రలను ఎన్నుకొన్న కథ మన సాహిత్యంలో ఒకటి సుప్రసిద్ధంగా ఉంది. అదే విరాటపర్వం. నన్నయ విడిచిన భారతాంధ్రీకరణను పదమూడవ శతాబ్దంలో తిక్కన ఈ పర్వంతోనే ఆరంభించాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం ముగిసింది. ఒక్క సంవత్సరం ఎవరికీ తెలియకుండా గడపాలి. గుర్తింపబడితే మరల అడవులకు పోవాలి. అప్పుడు పాండవులు ఒకచోట కూర్చొని ఎవరు ఏ వేషం ధరించాలో ఆలోచించారు. ధర్మరాజు కంకుడనే పేరుతో విరాటుని కొలువులో చేరాడు. భీముడు వలలుడనే వంటవాడయ్యాడు. అర్జునుడు బృహన్నలగా అంతఃపురంలో నాట్యం నేర్పాడు. నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రాలను, సహదేవుడు తంత్రీపాలుడనే పేరుతో గోవులను చూసుకొన్నారు. ద్రౌపది సైరంధ్రిగా సుధేష్ణ కొలువులో ప్రవేశించింది.

ఈ ఎంపికలో మూడు విశేషాలను గమనించాలి. మొదటిది, ప్రతి వేషమూ ఆ వ్యక్తికి అంతకుముందే తెలిసిన విద్యపై నిలిచింది. జూదంలో సర్వస్వం పోగొట్టుకొన్న ధర్మరాజు అరణ్యవాస కాలంలో అక్షవిద్యను నేర్చుకొన్నాడు. విరాటునితో పాచికలాడడానికి అది పనికివచ్చింది. ఒక్క సంవత్సరంలో క్రొత్త విద్యను ఆరంభించి సాధించడం ఎవరికీ సాధ్యం కాదని వారెరుగుదురు. రెండవది, నకుల సహదేవుల పనులు చూపునకు ఒకే విధమైనవి. ఇద్దరూ పశుసంరక్షకులే. అయినా ఒకరు అశ్వశాలను, మరొకరు గోశాలను ఎన్నుకొని ఒకరి దారికి ఒకరు అడ్డురాలేదు. ఇద్దరు మిత్రులు యోధులే కావాలని కోరినప్పుడు ఈ ఉదాహరణ దారి చూపుతుంది. ఒకరు డాలు పట్టి తోటివారిని కాచేవాడు కావచ్చు, మరొకరు విలుకాడు కావచ్చు. మూడవది, వారు వేషాలను ధరించే ముందు ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచారు. దసరానాడు జమ్మి ఆకును బంగారమని పంచుకొనే తెలంగాణ ప్రజలకు ఈ ఘట్టం చిరపరిచితం. గాండీవాన్ని చెట్టుపై ఉంచినవాడే బృహన్నల కాగలిగాడు. హద్దును అంగీకరించిన తరువాతనే వేషం వేషమయింది.

హద్దును పాటించడం ఎంత కష్టమో కూడా ఆ కథే చెబుతుంది. కీచకుడు సభలో ద్రౌపదిని తన్నిన వేళ భీముడు అక్కడే ఉన్నాడు. క్రోధంతో అతని చూపు సమీపంలోని మహావృక్షంపై పడింది. దానిని పెరికితే వేషం బయటపడుతుంది. పదమూడేళ్ల కష్టం వృథా అవుతుంది. ధర్మరాజు కంకుని వేషంలోనే ఉండి, వంటచెరకు కావాలంటే వేరొక చెట్టును చూసుకొమ్మనే భావంతో వలలుని వారించాడు. ఆ మాట సభికులకు వంటవానికి చెప్పిన మాటగానే వినిపించింది. భీమునికి మాత్రం అన్నగారి ఆజ్ఞగా అందింది. ఒకే వాక్యం వేషాన్ని కాపాడింది, కథనూ కాపాడింది. అయితే అవమానం భరించింది ద్రౌపది. మిగిలినవారి వేషాలు ఆమెకు రక్షణ ఇవ్వలేకపోయిన క్షణమది. ఒక జట్టు వేషాలను ఎన్నుకొనేటప్పుడు అందరిలో ఎక్కువ ఆపదకు గురయ్యేది ఎవరు, వారికి అండగా నిలిచేది ఎవరు అనే ప్రశ్నను విస్మరించరాదని ఈ ఘట్టం హెచ్చరిస్తున్నది.

పాత్రల పంపకంలోని మరొక పార్శ్వాన్ని చిందు భాగోతం చూపుతుంది. చిందు కళాకారులు తెలంగాణలోని దళిత సమాజానికి చెందినవారు. మాదిగ కుటుంబాలను ఆశ్రయించి, వంశపారంపర్యంగా వచ్చిన హక్కుతో గ్రామాలు తిరుగుతూ యక్షగానాలు ఆడుతూ జీవించారు. ముఖానికి అర్దళం పూసి, తేలికైన కొయ్యతో చేసిన కిరీట భుజకీర్తులు ధరించి, హార్మోనియం, మద్దెల, తాళాల నడుమ వారు రాజులుగా, దేవతలుగా అవతరిస్తారు. చిందు మేళంలో సాధారణంగా ఒక కుటుంబమే ఉంటుంది. తల్లిదండ్రులు, బిడ్డలు, బంధువులు కలిసి వేషాలు కడతారు. మనుషులు తక్కువ, పాత్రలు ఎక్కువ. కనుక తనకు ఇష్టమైన వేషమొక్కటే కడతానంటే ఆట సాగదు. ఆ రాత్రి కథకు ఏది లోటుగా ఉందో దానిని ఎవరో ఒకరు పూరించాలి. ఒక్కొక్కరు ఒకే రాత్రి రెండు మూడు వేషాలు మార్చవలసి ఉంటుంది.

మగవారే స్త్రీ వేషాలు ధరించే సంప్రదాయం అనేక ప్రదర్శన కళలలో ఉండగా, చిందులో స్త్రీలు కూడా రంగమెక్కారు. బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ ఈ కళలో విశేష కీర్తిని గడించారు. ఆమె స్త్రీ పాత్రలతో పాటు పురుష పాత్రలను కూడా ధరించి మెప్పించారు. 2005లో ఆమె కన్నుమూశారు. చిందు కళకు ఆ తరువాత కూడా గుర్తింపు దక్కింది. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం లభించింది. సమాజం పుట్టుకను బట్టి వీరికి ఊరి చివర ఒక స్థానాన్ని నిర్ణయించింది. రంగస్థలంపై మాత్రం వారి స్థానాన్ని కథ, కంఠం, అభినయం నిర్ణయించాయి. పగలు గింజలకోసం ఇల్లిల్లూ తిరిగిన మనిషి రాత్రి సింహాసనంపై కూర్చుంటే ఊరంతా కన్నార్పక చూసింది. వేషాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛ ఎంత విలువైనదో, అది దొరకనివారి జీవితాల నుండి తెలుసుకోవచ్చు.

ఈ విషయాలను దృష్టిలో ఉంచుకొని ఒక స్వల్పకాలిక క్రీడను ఊహించవచ్చు. నిజామాబాదులోని ఒక జూనియర్ కళాశాల విద్యార్థులు ఐదుగురు, సూత్రధారి ఒకరు. సెలవులలో మూడు సాయంత్రాలు. కథాస్థలం ఏకచక్రపురం. బోధన్ పట్టణమే నాటి ఏకచక్రపురమని, భీముడు బకాసురుని వధించినది ఇక్కడేనని స్థానికుల విశ్వాసం. వంతు ప్రకారం ఒక్కొక్క ఇంటి నుండి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి రాక్షసునికి ఆహారంగా పోవాలి. ఈసారి వంతు వచ్చిన ఇంటివారిని కాపాడాలి. ఇదీ కథ.

ఐదుగురిలో నలుగురు భీమునివంటి యోధులనే ఎన్నుకొన్నారనుకొందాం. మూడవ సాయంత్రం జరిగే పోరు రక్తికడుతుంది. కాని మొదటి సాయంత్రం భయపడి నోరు విప్పని పౌరుల నుండి నిజం రాబట్టేవారెవరు? రెండవ సాయంత్రం అడవిలో రాక్షసుని గుహను చప్పుడు లేకుండా కనిపెట్టేవారెవరు? గాయపడినవారికి సేవ చేసేదెవరు? యోధులు రెండు సాయంత్రాలు చేతులు కట్టుకొని కూర్చోవలసివస్తుంది. దీనికి మారుగా ఒకరు యోధునిగా బండి వెంట నడవవచ్చు. ఒకరు గాయకునిగా ఊరివారి మనసు గెలవవచ్చు. ఒకరు చోరునిగా గుహ దారి కనుగొనవచ్చు. ఒకరు ఉపాసకునిగా గాయాలను మాన్పవచ్చు. మరొకరు మాంత్రికునిగా తన వద్దనున్న రెండు మూడు ప్రయోగాలను సరైన క్షణం కోసం దాచుకోవచ్చు. అప్పుడు ప్రతి సాయంత్రంలోను ప్రతి ఒక్కరికీ ఒక ఘడియ దక్కుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జట్టు లోటును పూరించాలనే పేరుతో, ఎవరూ కోరని పాత్రను ఎదురు చెప్పని ఒకరి నెత్తిన వేయడం తరచుగా జరుగుతుంది. మితభాషి అయిన విద్యార్థినో, క్రొత్తగా చేరిన విద్యార్థినినో "నీవు గాయాలు మాన్పే పని చూసుకో" అని అందరూ కలిసి నిర్ణయిస్తారు. ఇది ఎంపిక అనిపించుకోదు. అటువంటి సందర్భంలో ఆ లోటును సూత్రధారి కథలోనే సవరించవచ్చు. గాయాలు మాన్పే మూలికల తైలాన్ని ఊరి వైద్యుని చేత ఇప్పించవచ్చు. నియమాలు మనుషులకోసం ఉన్నాయి. మూడు సాయంత్రాల ఆటలో ఒకరిని విసుగుకు గురిచేసి సాధించే విజయానికి విలువ లేదు.

కాబట్టి పాత్రను ఎన్నుకొనే ముందు విద్యార్థి తనను తాను నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. కథ ఎన్ని పూటలు సాగుతుంది, ఏ మెట్టులో ఆరంభమవుతుంది అనేది మొదటిది. జట్టులో ఏ విద్య కొరవడింది అనేది రెండవది. ఈ పాత్ర నియమాలను తొలి పూట నాటికి నేర్చుకోగలనా అనేది మూడవది. ఈ పాత్ర ఏమి చేయలేదో తెలిసి కూడా దానిని ఇష్టంగా ధరించగలనా అనేది నాలుగవది. మొదటి మూడింటికి పుస్తకమో, సూత్రధారో, తోటి మిత్రులో సమాధానం చెప్పగలరు. నాలుగవదానికి ఎవరికి వారే సమాధానం చెప్పుకోవాలి. వలలునికి వంటశాల చిన్నదిగా తోచి ఉంటే సంవత్సరం గడిచేది కాదు. గరిటె పట్టినన్నాళ్లూ అతడు మంచి వంటవాడుగా ఉన్నాడు. సమయం వచ్చినప్పుడు నర్తనశాలలో కీచకుని వధించిన చేతులు ఆ గరిటె పట్టిన చేతులే.

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. స్వల్పకాలిక పాత్రధారణ క్రీడలో పాత్రవర్గాన్ని ఎన్నుకొనేటప్పుడు గమనించవలసిన అంశాలను వివరించండి.
2. విరాటపర్వంలో పాండవులు వేషాలను ఎన్నుకొన్న తీరులోని విశేషాలను పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ప్రతి పాత్రవర్గానికీ హద్దు ఎందుకు అవసరం?
2. చిందు మేళంలో వేషాల పంపకం ఎలా జరుగుతుంది?
3. ఏకచక్రపురం కథలో నలుగురూ యోధులైతే కలిగే ఇబ్బంది ఏమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. "ఒకరి హద్దు ముగిసిన చోట మరొకరి అవసరం మొదలవుతుంది."
2. "అందరూ బండ్లు తోలుతామంటే చెరకు చేనులోనే నిలిచిపోతుంది."